మా ఇంటి స్టూడియో

స్టూడియో అనగానే మన కళ్ళకు కట్టేదేమిటి? దళసరి తలుపులు, నడుమ పెద్ద అద్దం, అద్దానికావల చెవులకు డిప్పలు తగిలించుకున్న ఇంజనీరు, తలుపు మీద ఎర్రదీపం. వెనకటి తరానికి ఆ భోగం మద్రాసులో ఉండేది. పాట రికార్డు కావాలంటే రైలెక్కవలసిందే. పోనీ రేడియోలో పాడుదామంటే, 1963లో కడపలో కేంద్రం వెలిసేదాకా ఆకాశవాణి కూడా మా రాయలసీమకు దూరపు చుట్టమే. ఆ యేడే ఫిలిప్స్ వారు క్యాసెట్టు అనే చిన్న డబ్బీని లోకానికి చూపించారు గాని, అది మా పల్లెల దాకా నడిచి వచ్చేసరికి చాలా యేళ్ళే పట్టింది.

ఇప్పుడు ఆ స్టూడియో అంతటినీ మడిచి ల్యాప్‌టాపులో పెట్టేశారు. డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అని దాని నిండు పేరు; కుర్రకారు ముద్దుగా "డా" అంటున్నారు. టేపు యంత్రం, గొంతునూ వాద్యాన్నీ సమపాళ్ళలో కలిపే బల్ల, టేపును కోసి అతికే బ్లేడు, ప్రతిధ్వని పుట్టించే గది, ఇవన్నీ తెర మీద బొమ్మలై కూర్చున్నాయి. 2000లో వచ్చిన ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. నిక్కచ్చిగా మాట్లాడేవారు దాన్ని వర్క్‌స్టేషన్ అనరు, ఎడిటర్ అంటారు. కాని ఒక గొంతు, ఒక వాద్యం అయితే అదే చాలు. రీపర్ అనేదాన్ని 60 రోజులు వాడి చూసి, నచ్చితే డబ్బు కట్టవచ్చు. ఆపిల్ కంప్యూటరున్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఇంట్లో ఉన్నట్టే. ఇంట్లో స్టూడియో పెట్టుకోవడం కూడా ఈనాటి వింత కాదు. ఏ.ఆర్. రహమాన్ చెన్నైలో తన ఇంటి ఆవరణలో 1989లోనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో "రోజా" వచ్చేనాటికి ఆయనకు అది మూడేళ్ళ అలవాటు.

"ఏ సాఫ్ట్‌వేర్ మంచిదండీ?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. "మీ ఇంట్లో ఏ గది మంచిది?" అని నేను ఎదురడుగుతాను. వాళ్ళకు కొంచెం కోపం వస్తుంది. కాని ఆ మాట వేళాకోళానికి అన్నది కాదు. అసలు సంగతి చెబితే గాని అది బోధపడదు.

కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో పద్యనాటకం మీద మోజు ఇంకా చావలేదు. మాకు బళ్ళారి అంత దూరమేమీ కాదు. ఆంధ్రనాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ తిరుగాడిన గాలి ఇటు కూడా వీచింది. తిరునాళ్ళ వచ్చిందంటే "సత్యహరిశ్చంద్ర"కు గాని, "పాండవోద్యోగ విజయాల"కు గాని చాపలు దొరకవు. మాకు దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై యేళ్ళు హరిశ్చంద్రుడి వేషం కట్టాడు. ఎనభై దాటినా గొంతు ఇంకా పైషడ్జాన్ని అందుకుంటుంది. అయితే ఆ గొంతు ఎక్కడా నిలవలేదు. ఎవరో సెల్‌ఫోన్లో పట్టిన తునకలున్నాయి గాని, వాటిలో పద్యం కంటే ముందు వరసలో బఠాణీలు నమిలిన చప్పుడే ఎక్కువ.

ఆయన మనవడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు, లోగడ మా కాలేజీలో నా దగ్గర చదువుకున్నవాడే. ఒకనాడు వచ్చి, "సార్, వచ్చే నెల మా తాతకు ఉన్న పండ్లన్నీ పెరికించి కట్టుడు పండ్లు పెట్టిస్తాండాం. ఆలోపల ఆయన పద్యాలన్నీ మీ కంప్యూటర్లో ఎక్కియ్యల్ల సార్" అన్నాడు.

విన్నవారికి నవ్వు రావచ్చు. నాకు రాలేదు. వర్ణోత్పత్తి పాఠం యేటా చెప్పేవాణ్ణి. త థ ద ధ న ల స, ఇవి దంత్యాలు. నాలుక కొన పళ్ళను తాకితేగాని, పళ్ళ దగ్గర గాలి ఒరుసుకుంటేగాని పుట్టవు. వకారానికి పళ్ళూ పెదవీ రెండూ కావాలి. అదిగాక తెలుగుకు సొంతమైన దంత్య చకార జకారాలున్నాయి, "చాలు", "జాము" అన్నప్పుడు పలికేవి. పళ్ళు మారితే ఇవన్నీ కొన్నాళ్ళు దారితప్పుతాయి. ఒక్క "సత్యం" అనే మాట చూడండి: సకారమూ దంత్యమే, తకారమూ దంత్యమే. హరిశ్చంద్రుడికి సత్యమే నోట పలక్కపోతే ఇంక నాటకమేముంది! ఇరవై రోజుల గడువుంది. సరేనన్నాను.

ముందు గది సంగతి. మా ఇంటి ముందుభాగం కొత్తది. బేతంచెర్ల బండల నేల, సిమెంటు గోడలు, పైన స్లాబు. చూడ్డానికి చల్లగా నున్నగా ఉంటుంది. రికార్డింగుకు అంతకంటే శత్రువు లేదు. గది నడుమ నిలబడి ఒకే ఒక్క చప్పట్టు కొట్టి చూడండి. చప్పట్టు చచ్చిన తర్వాత కూడా "ట్రింగు"మని ఒక తోక మిగిలితే ఆ గదిలో మైకు పెట్టవద్దు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పరుగెత్తుతుంది. పదడుగుల గదిలో గోడను కొట్టి తిరిగి రావడానికి సెకనులో అరవయ్యో వంతు చాలు. మన చెవి ఆ తిరిగొచ్చిన ధ్వనిని మాటలో కలిపేసుకొని పట్టించుకోదు. మైకుకు ఆ మర్యాద తెలియదు. విన్నదంతా రాసుకుంటుంది.

ప్రతిధ్వని కూరలో ఉప్పులాంటిది. తక్కువైతే తర్వాత వేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్లో "రివర్బ్" అని అందుకే పెట్టారు. ఎక్కువైతే తీయడం కష్టం. ఈమధ్య తీసే పనిముట్లు కూడా వచ్చాయి, కాదనను. కాని అవి ఉప్పుతోపాటు కూర కూడా కొంత తీసుకుపోతాయి.

మా ఇంటి వెనకభాగం మా తాతలనాటి మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, వాటిపైన జానెడు మందాన మన్ను. గోడలు వంకర టింకర. అందులో వేరుశనక్కాయల మూటలు వేస్తాము. అక్కడ చప్పట్టు కొడితే పుట్టినచోటే అణగిపోయింది. మన్ను ధ్వనిని మింగుతుంది, దూలాలు దాన్ని చెదరగొడతాయి, మూటలు మిగిలినదాన్ని ఆరగిస్తాయి. డబ్బు పోసి పట్టణాల్లో గోడలకు కట్టించుకునేది మా తాతలు మన్నుతో కట్టిపోయారన్నమాట. మిగిలిన ఒక ఖాళీ గోడకు రెండు గొంగళ్ళు వేలాడగట్టాను. పాడేవారి వీపువైపు ఒక పాత పరుపు నిలబెట్టాను. మైకు ముఖం చూసేది అటే గదా! మా ఆవిడ తొంగిచూసి "మీ స్టూడియో బాగుందండీ" అన్నది. అది పొగడ్త కాదని నాకు తెలుసు. అయినా ఆ పేరే స్థిరపడిపోయింది.

ఒక్క మాట. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటిస్తే స్టూడియో అవుతుందనే నమ్మకం ఊరూరా ఉంది. పలచని అట్ట ఏ పాటి ధ్వనిని తాగుతుంది? సన్నని పైస్థాయి ధ్వనులను కొంచెం మెత్తబరుస్తుందేమో గాని, పక్కింటి మోటారును ఆపదు. దానికంటే పుస్తకాలు నిండిన బీరువా నయం. ఒక బొంత ఇంకా నయం.

పెద్దాయన వచ్చిన రోజు ఆ గదిలో మరొకసారి చప్పట్టు కొట్టి చూపించాను. "ఏం సార్, పాడకముందే సప్పట్లు కొడ్తాండారు! పాడినంక కొట్టేదానికి గూడా రొన్ని మిగిలించుకోండప్పా" అన్నాడు.

వేళ రాత్రి తొమ్మిది తర్వాత పెట్టుకున్నాము. మా ఊరు నేతకు పేరుపడ్డ ఊరు. పగలంతా వెనకవీధిలో మగ్గాల చప్పుడు. ఆటోలు, దేవళం మైకు, మసీదు మైకు అన్నీ సద్దుమణగాలి. పైగా నాటకమాడిన గొంతు తెరుచుకునేది రాత్రే. ఫ్యాను ఆపాలి. ఫ్రిజ్జు ఆపాలి. ఫ్రిజ్జు ఆపితే స్కూటరు తాళంచెవి అందులో పెట్టండి. ఇంటికి పోయేవారు గాని, పొద్దున కాలేజీకి పోయేవారు గాని తాళంచెవి కోసం దాన్ని తెరవక తప్పదు, స్విచ్చి వెయ్యడం మరచిపోరు. ల్యాప్‌టాపు ఛార్జరు కూడా ఊడదీసి బ్యాటరీ మీద నడపండి. కొన్ని ఇళ్ళలో వైరింగు మూలాన సన్నని "గుంయ్‌"మనే రొద వస్తుంది, అది చాలాసార్లు దాంతోనే పోతుంది. కరెంటు పోయినా పని ఆగదు, అదొక లాభం.

మైకులు ముఖ్యంగా రెండు జాతులు. కండెన్సర్ మైకు చీమ నడిచినా వింటుంది. మంచి గది ఉన్నవాళ్ళకు అది. డైనమిక్ మైకు తన ముందున్నదాన్నే గట్టిగా వింటుంది. సభల్లో కనబడే షూర్ ఎస్.ఎం.58 ఆ జాతిదే, 1966 నుంచి అదే అచ్చు. మామూలు ఇళ్ళకు డైనమిక్ క్షేమం. మాట్లాడేటప్పుడు నోటికీ మైకుకూ జానెడు ఎడం ఉంచండి. పద్యానికి జానా బెత్తెడు. మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు పెట్టి, ముఖం మాత్రం నోటివైపు తిప్పితే, ప ఫ బ భ అన్నప్పుడు వచ్చే గాలి దాని పక్కనుంచి పోతుంది. మన తెలుగులో, అందులోనూ సంస్కృత సమాసాలు నిండిన నాటకపద్యాల్లో, ఆ ఒత్తక్షరాలు ఎన్నెన్ని! దానికి తోడు మా అమ్మాయి కుట్టుపని చట్రానికి పాత వాయిలు చీర ముక్క బిగించి మైకు ముందు నిలిపాను. అంగళ్ళలో దీన్నే పాప్ ఫిల్టర్ అని అమ్ముతారు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు హార్మోనియంతో వచ్చింది.

పుస్తకాల్లో రాసే పద్ధతి ఇది: హార్మోనియం ముందు విడిగా రికార్డు చెయ్యాలి, దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ గాయకుడు తర్వాత పాడాలి, రెంటినీ రెండు ట్రాకుల్లో ఉంచితే దేన్నైనా విడిగా దిద్దుకోవచ్చు. సినిమా పాటకు ఇది రాచబాట. పెద్దాయనకు హెడ్‌ఫోను తొడిగితే ఒక్క నిమిషం ఓర్చుకొని తీసి చేతికిచ్చాడు. "సెవులు మూసి పాడమంటే ఎట్లప్పా? ఎదురుగా పెట్టె వాయించేటోని మొగం సూడకుంటే నాకు పద్యం రాదు" అన్నాడు.

ఇది మొండితనం కాదు. పద్యం పాడేటప్పుడు గాయకుడు రాగం తీసి ఒకచోట ఆగుతాడు. హార్మోనియం దాన్ని అందుకుని అదే బాటలో నడిచి మళ్ళీ అతనికి అప్పగిస్తుంది. ఎక్కడ ఆగుతాడో అతనికే ముందు తెలియదు. వాయించేవాడు కనుబొమ్మ చూసి పసిగడతాడు. ఆ ఇద్దర్నీ విడదీసి రికార్డు చేస్తే రెండు మంచి ట్రాకులు వస్తాయి గాని పద్యం రాదు.

దీనికి ఉపాయం సాఫ్ట్‌వేర్లో లేదు, మైకులో ఉంది. చాలా మైకులకు ముఖమూ వీపూ ఉంటాయి. హృదయాకారం అంటారు దాని వినికిడిని. ముందు బాగా వింటుంది, పక్కలకు కొంత వింటుంది, సరిగ్గా వెనక దాదాపు చెవిటిది. అందుచేత ఇద్దర్నీ ఎదురెదురుగా ఐదడుగుల ఎడంలో కూర్చోబెట్టి, నడుమ మైకు పెట్టి, దాని ముఖం పెద్దాయనవైపు, వీపు హార్మోనియంవైపు ఉంచాను. హార్మోనియానికి రెండో మైకు, అది పెద్దాయనకు వీపు పెట్టి. ఒకరి మొగం ఒకరికి కనబడుతుంది. మైకులు మాత్రం ఎడమొగం పెడమొగం. గొంతు ట్రాకులో హార్మోనియం సన్నగా వినబడుతూనే ఉంటుంది. ఉండనీయండి. ఒకే గదిలో ఇద్దరు మనుషులున్నారనడానికి అది గుర్తు.

స్థాయి పెట్టడం తర్వాతి పని. తెర మీద ఒక కొలబద్ద పైకీ కిందికీ ఆడుతుంటుంది. దాని కొనన సున్నా. సున్నా అంటే బిందె అంచు. అది దాటిన ధ్వని పొర్లిపోతుంది. తల తెగిన ఆ ధ్వని పగిలి బరబరమంటుంది, దాన్ని పూర్తిగా సాఫుచేయడం ఎవరి తరమూ కాదు. మామూలు పాదాలు మైనస్ 12 డెసిబెళ్ళ దగ్గర ఆడితే, ఎంత గట్టిగా ఎత్తుకున్నా మైనస్ 6 దాటకుంటే మేలు. ప్రతి 6 డెసిబెళ్ళకూ అల ఎత్తు రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి. "మెల్లగా రికార్డయిందే" అని దిగులు వద్దు. 24 బిట్లలో రికార్డు చేస్తే తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. అయితే పరీక్షకు పాడమంటే ఏ గాయకుడూ నిజంగా పాడినంత గట్టిగా పాడడు. అందుకని "మొదటి పాదం పాడండి" అనవద్దు. "చివర రాగం ఎత్తుకునేచోటు పాడండి పెద్దాయనా" అన్నాను. కొలబద్ద నిలువునా లేచింది. అప్పుడు తగ్గించి పెట్టాను.

అంకెల సంగతి తొందరగా చెప్పేస్తాను. సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటే మనిషి చెవి వినగలిగిందంతా దొరుకుతుంది. వీడియోకు కలపాలంటే 48,000 పెట్టుకోండి. ఒక్క మైకుతో, 24 బిట్లతో ఒక గంట రికార్డయితే సుమారు 476 మెగాబైట్లు. ఎప్పుడూ వేవ్ ఫైలుగానే దాచండి. ఎమ్‌పీ3 పంచిపెట్టడానికి, దాచిపెట్టడానికి కాదు. హెడ్‌ఫోన్లో తన గొంతు తనకే ఆలస్యంగా వినబడుతోందని ఎవరైనా చెబితే, "బఫర్" అనేచోట 1024 ఉందేమో చూసి 256 చెయ్యండి. సెకనులో నలభై మూడో వంతు ఆలస్యం నూట డెబ్బయ్యో వంతుకు దిగుతుంది.

కాలం విషయంలో మనమెంత అదృష్టవంతులమో చూడండి. గ్రామఫోను ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాలే చోటు. ఆనాటి రంగస్థల గాయకులు పద్యం ముగిసీ ముగియకముందే రాగాన్ని కత్తిరించుకోవలసి వచ్చేది. మా పెద్దాయన ఒక సీసపద్యానికి పదకొండు నిమిషాలు తీసుకున్నాడు. యంత్రం నోరెత్తలేదు.

ఇక తెర మీదికి వద్దాం. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు పాట కోసం, తాళం కోసం పుట్టినవి. తెరవగానే నిమిషానికి 120 దెబ్బల లెక్కన నిలువుగీతలు గీసుకుని కూర్చుంటాయి. టిక్కు టిక్కుమని మెట్రోనోము కొడతాయి. ముక్కను ఇటు జరిపితే దగ్గరున్న గీతకు అదే అతుక్కుంటుంది. దాన్ని "స్నాప్" అంటారు. పద్యానికి ఇవేవీ పనికిరావు. సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉంటాయన్నది నిజమే. ఆ లెక్క కవికి. పాడేవాడు ఒక గురువును రెండు మాత్రల్లో వదలవచ్చు, ఇరవై మాత్రలదాకా సాగదీయవచ్చు. కాబట్టి మొదటే మెట్రోనోము ఆపండి, స్నాప్ ఆపండి, గీతల బదులు నిమిషాలూ సెకన్లూ కనబడేట్టు పెట్టుకోండి.

రికార్డు మొదలయ్యాక ఒక అరనిమిషం ఎవరూ ఏమీ చెయ్యకుండా కూర్చోవాలి. ఆ ఖాళీ గది ఊపిరే తర్వాత మనకు అక్కరకొస్తుంది. రొద తగ్గించే పనిముట్టుకు "ఇదీ రొద" అని చూపించాల్సింది దాన్నే. దగ్గు తీసేసినచోట అతుకు వేయాల్సిందీ దాంతోనే; వట్టి నిశ్శబ్దం పెడితే గుంటలో పడ్డట్టుంటుంది. తర్వాత ఎవరు పాడుతున్నారో, ఎక్కడో, ఏనాడో, ఏ శృతో నోటితోనే చెప్పించండి. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోనుకు పాడి, చివర తన పేరు తానే చెప్పుకుంది. ఆ పద్ధతి ఇప్పటికీ బాగుంది. ఫైలు పేరు మారిపోవచ్చు, గొంతులో ఉన్న పేరు మారదు. పెద్దాయనను అడిగితే తన పేరు, ఊరు, తండ్రి పేరు, పద్యం నేర్పిన గురువు పేరు, తనతో చంద్రమతి వేషం కట్టినవారి పేర్లు వరసగా, నక్షత్రకుడి వేషగాడు ఒక రాత్రి అలిగి పోయిన వైనంతో సహా, నాలుగు నిమిషాలు చెప్పాడు. దాన్ని కత్తిరించాలనే ఆలోచన నాకు రాలేదు.

ఆరు రాత్రుల్లో నలభై పైచిలుకు పద్యాలు ఎక్కాయి. దిద్దుబాటు మొదలైంది. 80 హెర్ట్‌జులకు కింద ఉన్నదంతా కోసేశాను. ఆయన గొంతు అంత కిందికి దిగదు, అక్కడుండేది దూరపు లారీల గురగుర మాత్రమే. రొద తగ్గింపు 6 డెసిబెళ్ళు చాలనుకున్నాను. 20, 30 పెట్టవచ్చు, రొద మాయమవుతుంది. దాంతోపాటు గొంతు నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు గలగలలాడుతుంది. అతుకు వేసినచోటల్లా రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి పరచి కలిపితే "టక్కు"మనే చప్పుడు రాదు.

ఊపిరి విషయంలో కొంచెం నిలబడాలి. పాడేవారి ఊపిరి చప్పుళ్ళను ఏరి తీసేసే పనిముట్లున్నాయి. వాటిని నేను ముట్టుకోను. ఎందుకంటే, యతి అంటే ఆగడమని మా విద్యార్థులు చాలామంది అనుకుంటారు. సంస్కృతంలో అది విరామమే. తెలుగులో యతి అక్షరాల మైత్రి, అక్కడ ఆగనక్కరలేదు. మరి పాడేవాడు ఎక్కడ ఆగుతాడు? అర్థం ఎక్కడ ఆగమంటే అక్కడ. అంటే ఆ ఊపిరి వ్యాఖ్యానం. మరీ గట్టిగా ఉన్న ఊపిరిని 6 డెసిబెళ్ళు తగ్గించండి, సగమవుతుంది. పూర్తిగా తీస్తే, మనిషి ఒక్క గుక్కలో సీసమంతా పాడాడన్న అబద్ధం పుడుతుంది.

శృతి దిద్దే పనిముట్టు ఇంకా పెద్ద కథ. ఆటోట్యూన్ పేరు మీరు విన్నారు గదా. 1997లో దాన్ని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెదికే పనిలో ఉండేవాడు. భూమిలోకి ధ్వని పంపి, తిరిగొచ్చిన అలలను లెక్కగట్టి లోపల ఏముందో చెప్పే విద్య అది. మా సీమలో బోరు పాయింటుకు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకు తిరిగేవాళ్ళు విని ఆశ్చర్యపోవలసిన సంగతి. ఆ గణితంతోనే గొంతులో స్వరం ఏదో కనిపెట్టి, దగ్గరి మెట్టు మీదికి నెట్టాడు. పాశ్చాత్య గీతానికి అది సరిపోయింది. మన గమకానికి మెట్లెక్కడివి? మోహనలో గాంధారం మీద నిలవడానికి ముందు గొంతు ఎన్ని వంపులు తిరుగుతుంది! ఆ వంపులన్నీ ఈ యంత్రం కళ్ళకు తప్పులే. గట్టిగా బిగిస్తే మెత్తని ఏటవాలు నిచ్చెనగా మారుతుంది.

ఇక్కడ నాకొక సంగతి జ్ఞాపకం వస్తుంది. హార్మోనియం మెట్లు కదలవనీ, గమకం పలకదనీ 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ తలుపు మూసే ఉంది. నాటకాలవాళ్ళు మాత్రం ఆ పెట్టెను వదల్లేదు. ఎందుకు వదలాలి? మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్నదంతా వాళ్ళ గొంతు పూరించేది. ఒకనాడు పెట్టెలో తప్పుపట్టిన గుణాన్నే ఇప్పుడు సాఫ్ట్‌వేర్లో పెట్టి, దాన్ని గొంతుకే తొడుగుతున్నాం.

మనవడికి నా పద్ధతి అంతగా నచ్చలేదు. "సార్, ఊపిరి వినబడ్తాంది, గొంతు రెండు మూడు చోట్ల వణుకుతాంది. ఇంగ కొంచెం నీట్‌గా చేసుకుంటా" అని ఒక ప్రతి బెంగుళూరుకు తీసుకుపోయాడు. వాడు వచ్చే పండక్కు తెచ్చింది విన్నాను. వాడి పనితనం తక్కువది కాదు. రొద లేదు, ఊపిరి లేదు, వణుకు లేదు, వెనక తబలా కూడా చేర్చాడు. పెద్దాయన గోడకానుకుని కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"గొంతు నాదే నాయనా. మనిషినే నేను కాదు. యాడ కూసోని పాడినానో గూడా తెలీడంల్యా" అన్నాడు.

మనవడు ఏమీ అనలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, "సార్, ఏమీ చెయ్యనిది ఉంది గదా, అది గూడా ఇయ్యండి" అని అడిగాడు. నా దగ్గర ఉంది. ఏ దిద్దుబాటైనా నకలు మీదే చెయ్యాలి, మాతృకను ముట్టుకోకూడదు. రాతప్రతులు పరిష్కరించేవారు తెలుగులో ఎప్పటినుంచో పాటించే పద్ధతే ఇది. నా కంప్యూటరులో రెండు సంచులు: "ముడి", "దిద్దినది". వాడు చేసినదాన్ని మూడో సంచిలో పెట్టాను. వాడి స్నేహితులు ఫోన్లలో వినడానికి అదే బాగుంటుంది, అందులో తప్పేమీ లేదు.

దాచుకోవడంలో చాలామందికి జరిగే ప్రమాదం ఒకటుంది. చాలా వర్క్‌స్టేషన్లలో ప్రాజెక్టు ఫైలులో ధ్వని ఉండదు. ఎక్కడ కోశాం, ఎక్కడ అతికాం అనే చిట్టా మాత్రమే ఉంటుంది. ధ్వని పక్కనున్న వేరే సంచిలో ఉంటుంది. చిట్టా ఒక్కటే పెన్‌డ్రైవులో ఎక్కించుకుని పోతే ఆవల ఊళ్ళో తెరిచినప్పుడు ఖాళీ గీతలు కనబడతాయి. సంచి మొత్తం ఎత్తుకోండి. మూడు ప్రతులుండాలి, వాటిలో ఒకటి మీ ఇంటి కప్పు కింద ఉండకూడదు. పెద్దాయన పద్యాలు నా దగ్గర ఒకటి, బెంగుళూరులో ఒకటి, ఆయన కూతురింట్లో బియ్యం డబ్బా పక్కన ఒకటి ఉన్నాయి.

అనుకున్న రోజుకు పళ్ళు తీసేశారు, కట్టుడు పళ్ళు పెట్టారు. మొన్న వచ్చి, అవే పద్యాలు మళ్ళీ ఒకసారి పాడి, రెంటినీ పక్కపక్కన వినాలని కోరిక వెలిబుచ్చాడు. ఒక పాదం పాడించి చూశాను. సకారం వచ్చిన చోటల్లా ఈల వేసినట్టు వస్తోంది. దీనికి డీ-ఎస్సర్ అని ఒక పనిముట్టుంది. 5,000 నుంచి 8,000 హెర్ట్‌జుల నడుమ లేచే ఆ బుసను మాత్రం పట్టి అణుస్తుంది, కావాలంటే వాడవచ్చునని చెప్పాను.

"ఒద్దు సార్" అన్నాడు. "రెండు నెలలాగు. పండ్లకు నేనే పద్యం నేర్పిస్తా."

ఆ రెండు నెలలు ఇంకా కాలేదు. ఈలోగా ధర బాగుందని మా ఆవిడ వేరుశనక్కాయలు అమ్మించేసింది. మూటలు పోయిన గోడ ఇప్పుడు చప్పట్టుకు బదులు పలుకుతోంది. పత్తి మూటలు ఎవరింట్లో ఉన్నాయో విచారిస్తున్నాను.